నీళ్లు మా గడప దాకా వస్తాయా: 2009 కర్నూలు వరదల నుంచి ఒక కేస్ స్టడీ

ఆపద సమయంలో మంచి నాయకుడు ఎవరు అనే ప్రశ్నకు మా ఉద్యోగుల శిక్షణ తరగతుల్లో సాధారణంగా ధైర్యం, వేగం, సమన్వయం అని జవాబు చెబుతారు. వాటిలో ఏదీ తప్పు కాదు. అయితే 2009 అక్టోబరులో కర్నూలు నగరం నీట మునిగిన రోజుల్లో డిప్యూటీ తహశీల్దారు హోదాలో క్షేత్రంలో పనిచేసిన నాకు, వాటన్నిటికంటే ముందుగా చూడవలసినది మరొకటి ఉన్నదని అర్థమైంది. ఆ అధికారి నోటి మాట విని జనం లేచి నడుస్తారా లేదా అన్నదే ఆ సంగతి. మాటకు ఆ విలువ ఎక్కడి నుంచి వస్తుంది, ఎప్పుడు పోతుంది, పోయిన తర్వాత దాన్ని తిరిగి ఎలా సంపాదించుకోవాలి అన్నవన్నీ కొద్ది వారాల్లో నా కళ్లముందే జరిగాయి. అందులో నావైన తప్పులు ఉన్నాయి. వాటిని దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ఈ కేసు నుంచి నేర్చుకోదగినది ఎక్కువగా ఆ తప్పుల దగ్గరే ఉంది. నేను అప్పుడు ఏ కార్యాలయంలో ఉన్నాను, నాతో పనిచేసినవారి పేర్లేమిటి అన్నవి ఇక్కడ అవసరం లేదు.

నేపథ్యం

2009 దేశమంతటికీ కరువు సంవత్సరం. ఆ ఏడు నైరుతి రుతుపవనాల వర్షపాతం దేశం మొత్తం మీద సాధారణం కంటే 22 శాతం తగ్గింది. 1972 తర్వాత అంత లోటు లేదు. రాయలసీమలో వేరుశనగ వేసిన రైతు ఆగస్టు అంతా ఆకాశం వైపు చూస్తూ గడిపాడు. సెప్టెంబరు నెలాఖరు వరకు మా బల్లల మీద ఉన్న ఫైళ్లన్నీ ఎండిన పంటల లెక్కలకు, తాగునీటి ట్యాంకర్లకు, పశుగ్రాసానికి సంబంధించినవే. పైగా రాష్ట్రం ఇంకా దుఃఖంలో ఉంది. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ మా జిల్లాలోనే, నల్లమల అడవిలో పావురాలగుట్ట మీద కూలిపోయింది. మరునాడు రోశయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 2 శుక్రవారం, గాంధీ జయంతి సెలవు రోజున కర్నూలులోకి వరద వచ్చింది.

ఊరి స్వరూపం తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది. ఊరి మధ్యగా హంద్రీ వచ్చి ఇక్కడే తుంగభద్రలో కలుస్తుంది. హంద్రీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, ముళ్లకంప, ఊరి మురుగు తప్ప మరేమీ లేని ఏరు కాబట్టి దాన్ని నదిగా లెక్కపెట్టే అలవాటు పాతబస్తీలో చాలామందికి పోయింది. 1953 నుంచి 1956 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్నప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన క్యాంపులు దూరంగా ఉన్నాయి. పాత ఊరు మాత్రం నదుల పక్కనే, పల్లంలో ఉంది. సెప్టెంబరు చివర మొదలైన వాన తుంగభద్ర డ్యాంకు దిగువనున్న పరివాహక ప్రాంతంలోనే కుండపోతగా కురిసింది. ఎగువన సుంకేసుల బ్యారేజీ తట్టుకోలేనంత నీరు వచ్చింది. దిగువన శ్రీశైలం జలాశయంలోకి కృష్ణ, తుంగభద్ర కలిసి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద చేరింది. అక్కడి స్పిల్‌వే సామర్థ్యం సుమారు 13 లక్షల క్యూసెక్కులు. పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటి నిలబడింది. వెనుక జలాలు కర్నూలు ముంపును ఎంత పెంచాయి, గేట్లు ముందుగానే ఎత్తవలసిందా అన్న వాదన ఆ తర్వాత చాలాకాలం నడిచింది. ఆ వాదన ఇంజనీర్లది. ఇక్కడ నా విషయం నీళ్లు కాదు, నీళ్ల గురించి మనుషులకు ఏం చెప్పాం అన్నది.

మైకులో చెప్పిన మాట

అక్టోబరు 1వ తేదీ రాత్రి నాకు అప్పగించిన పని హంద్రీ ఒడ్డున కొన్ని వీధుల్లో జీపులో తిరుగుతూ మైకులో హెచ్చరిక చేయడం. కాగితం మీద రాసిచ్చిన వాక్యం ఒక్కటే: "నదీతీర ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను." దాన్ని నేను గంటన్నరసేపు చదివాను. వాన జోరుగా ఉంది. తలుపులు కొద్దిగా తెరిచి, జీపు వైపు చూసి, మళ్లీ మూసుకున్నారు. ఒక ఇంటి అరుగు మీద ఒక అవ్వ గోనెసంచి తల మీద కప్పుకొని కూర్చుని ఉంది. ఆమె చేయెత్తి జీపు ఆపించి అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీళ్లు మా గడప దాకా వస్తాయా రావా, అది చెప్పు నాయనా. వస్తాయంటే ఎప్పుడు పోవల్ల, యాడికి పోవల్ల?"

నా దగ్గర జవాబు లేకపోలేదు. వైర్‌లెస్‌లో వస్తున్న అంకెలు నేను విన్నాను. ఎగువ గ్రామాల నుంచి ఫోన్లు వస్తున్నాయని, అక్కడ ఇళ్లలోకి నీళ్లు చేరాయని తెలుసు. ఆ వీధి ఏటికి ఎంత దగ్గరో కళ్ల ముందే కనిపిస్తోంది. వస్తాయవ్వా, తెల్లవారేలోగా రావచ్చు, ఇప్పుడే లేచి ఫలానా బడికి పో అని నేను చెప్పి ఉండవలసింది. కానీ నీళ్లు రాకపోతే అర్ధరాత్రి వేలమందిని వానలో అనవసరంగా పరుగెత్తించిన వాడిగా నా పేరు మిగులుతుందని, రేపు సంజాయిషీ రాసుకోవలసి వస్తుందని భయపడ్డాను. "అప్రమత్తంగా ఉండండవ్వా" అన్నాను. ఆమె నన్నొకసారి చూసి, సంచి సర్దుకొని లోపలికి వెళ్లిపోయింది.

నా ఉద్యోగ జీవితంలో దీన్నే మొదటి తప్పుగా రాసుకున్నాను. అప్రమత్తంగా ఉండండి అనే మాటలో పైకి కనిపించని ఒక ఏర్పాటు ఉంది: ప్రమాదం వస్తే చెప్పాం కదా అనవచ్చు, రాకపోతే మేము ఎవరినీ కదలమనలేదు అనవచ్చు. చెప్పినవాడికి రెండు వైపులా రక్షణ ఉంది, విన్నవాడికి ఒక వైపు కూడా లేదు. ఎంత నీరు, ఏ వీధి వరకు, ఏ వేళకు, ఎక్కడికి వెళ్లాలి అన్న నాలుగూ లేని హెచ్చరిక హెచ్చరిక కాదు. ఒక్కోసారి మన అంచనా తప్పవచ్చు. తప్పినప్పుడు జనం ముందు నిలబడి, నేనే పొమ్మన్నాను, నీళ్లు రాలేదు, మంచిదే అయింది అని చెప్పగలిగిన మనిషికే పదవి ఇవ్వాలని నా అభిప్రాయం.

అదే రాత్రి ఊరి అంచున ఉన్న మరో వాడలో జరిగినది దీనికి పూర్తిగా భిన్నం. అక్కడి తలారికి (కాగితాల్లో ఆ ఉద్యోగానికి వేరే పేరున్నా ఊళ్లో అందరూ తలారి అనే అంటారు) ఎవరూ ఏ వాక్యమూ రాసివ్వలేదు. అతను లాంతరు పట్టుకొని ఏటి ఒడ్డుకు పోయి చాలాసేపు చూశాడు. గడ్డివామి ఒకటి చెక్కుచెదరకుండా నీళ్ల మీద తేలుతూ వచ్చిందట. వామి కొట్టుకొచ్చిందంటే పైనున్న ఊళ్లలో కళ్లాలు, కొష్టాలు మునిగాయని అర్థం. అతను వెనక్కి వచ్చి మొదట తన భార్యను, పిల్లలను, రెండు మేకలను వీధి నడిమధ్యగా, అందరూ చూసేలా నడిపించుకొని గుట్ట మీది బడికి చేర్చాడు. ఆ తర్వాత తిరిగి వచ్చి ఇంటింటి తలుపూ కొట్టాడు. "ఏట్లో వామి వస్తాండాది. నా పిల్లోల్లను బడికాడ ఇడిసిపెట్టి వచ్చినా. లేయండి." అంతకు మించి అతనేమీ చెప్పలేదని ఆ వాడవారు తర్వాత నాకు చెప్పారు. తెల్లవారుజామున నీళ్లు వచ్చేసరికి ఆ వాడలో మంచంపట్టిన ఇద్దరు ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు. ఆ ఇద్దరినీ కుర్రవాళ్లు మంచాలతో సహా ఎత్తుకెళ్లారు.

తలారి మాటలో కంటితో చూసిన సాక్ష్యం ఉంది, ఎక్కడికి పోవాలో ఉంది, తాను ముందుగా చేసి చూపినది ఉంది. వీటన్నిటికీ ఆధారంగా ఇరవై ఏళ్లపాటు ఆ వాడలో పుట్టుకకూ చావుకూ వచ్చి నిలబడిన మనిషన్న గుర్తింపు ఉంది. ఆ రాత్రి అతను ఖర్చుపెట్టింది అంతకుముందు కూడబెట్టుకున్నదే. నా జీపును ఆ వీధివారు అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండరు. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోను సీమ జనం తరాలపాటు గుర్తుపెట్టుకోవడానికి ఇదే కారణమని నేను అనుకుంటాను. పరాయి ఈస్టిండియా కంపెనీ మనిషే అయినా, ఆయన డేరాలు వేసుకుంటూ ఊరూరా తిరిగి పొలాల శిస్తు లెక్కలు చూశాడు. శిస్తును నాలుగో వంతు తగ్గించాలని పైవాళ్లకు రాశాడు. 1827లో మద్రాసు గవర్నరు హోదాలో ఈ ప్రాంతంలో పర్యటిస్తూనే పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

బ్లాక్‌బోర్డు

అక్టోబరు 2 పగలు నుంచి నేను ఎత్తు మీదున్న ఒక విద్యాసంస్థలో ఏర్పాటైన పునరావాస కేంద్రంలో పనిచేశాను. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు. తడిసిన బట్టలతో, చంకలో పిల్లలతో, కొందరు కుట్టుమిషన్ తలతో, ఒకాయన బీరువాలోంచి తీసిన పొలం కాగితాల మూటతో వస్తూనే ఉన్నారు. మధ్యాహ్నానికి డ్యాం తెగిందన్న పుకారు లేచింది. ఏ డ్యాం అని అడిగేవారు లేరు. వరండాలో ఉన్నవాళ్లంతా మేడ మెట్ల వైపు ఒక్కసారిగా కదిలారు. ఆ తోపులాటలో ఒక పసిబిడ్డ చేయి నలిగింది. నేను కుర్చీ మీద నిలబడి, డ్యాం తెగలేదు, భయపడకండి అని అరిచాను. ఎవరూ ఆగలేదు. నిన్న రాత్రి మైకులో వినిపించిన గొంతు అదేనని వారిలో కొందరికైనా తెలిసే ఉంటుంది.

సాయంత్రానికి ఆ కేంద్రం బాధ్యత తీసుకోవడానికి ఒక అధికారిణి వచ్చారు. ఆమె రాగానే సమావేశం పెడతారని అనుకున్నాం. ఆమె ముందుగా భవనమంతా ఒకసారి నడిచి, ఆడవాళ్లు ఎక్కడికి వెళుతున్నారని అడిగారు. నాకు తెలియదు. అంతమందికి ఉన్నవి నాలుగు మరుగుదొడ్లు, వాటి ముందు మగవాళ్లు బారులు తీరి ఉన్నారు. పొద్దున్నించి ఆడవాళ్లు మంచినీళ్లు తాగడమే మానేశారని అప్పుడు బయటపడింది. వెనుక గోడ పక్కన టార్పాలిన్లతో మరుగు కట్టించి, ఆ నాలుగింటినీ ఆడవాళ్లకు వదిలి, మగవాళ్లను బయటికి పంపేదాకా ఆమె మరో పని చేయలేదు. అది అయిన గంటలో కేంద్రంలో గొడవ సగం తగ్గింది. ఎందుకు తగ్గిందో నేను తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. తమకు ఏం కావాలో అడగకముందే ఒకరికి తెలిసిందని అక్కడివారికి కనబడింది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా వినడానికి చెవులు తెరుచుకున్నాయి.

రెండో పని, తరగతి గదిలోని బ్లాక్‌బోర్డును మోయించి గేటు దగ్గర నిలబెట్టించడం. దాని మీద ఆమె స్వయంగా సుద్దముక్కతో రాశారు: "సాయంత్రం 6 గంటలు. శ్రీశైలం డ్యాం తెగలేదు. తుంగభద్ర డ్యాం తెగలేదు. బియ్యం ఇంకా రాలేదు. పాలు పసిపిల్లలకు మాత్రమే ఉన్నాయి. నీళ్లు ఎప్పుడు తగ్గుతాయో తెలియదు. మళ్లీ 8 గంటలకు రాస్తాం." చదవడం రానివారి కోసం ఒక టీచరమ్మను పక్కన నిలబెట్టి తెలుగులోను, ఉర్దూలోను చదివించారు. 8 గంటలకు కొత్త సంగతి ఒక్కటీ రాలేదు. కొత్తగా ఏమీ లేదు కదా, ఎందుకు రాయడం అని నేను అడిగాను. ఆమె వినిపించుకోకుండా పాతది చెరిపి, "రాత్రి 8 గంటలు. కొత్త సంగతి లేదు. మళ్లీ 10 గంటలకు" అని రాశారు. ఆ 8 గంటల రాత ముందరి రాతకంటే ఎక్కువ పని చేసింది. చెప్పిన వేళకు చెప్పారు. రాత్రి 10 గంటలకు బోర్డు ముందు జనం తమంతట తామే వచ్చి నిలుచున్నారు. ఆ తర్వాత ఆ కేంద్రంలో పుకారు ఏదైనా పుడితే, బోర్డు మీద ఉందా అని వాళ్లలో వాళ్లే అడుక్కున్నారు.

బియ్యం, సంతకం

బియ్యం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అధికారులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మా కేంద్రానికి కిలోమీటరు దూరంలో, ఎత్తున ఉన్న ఒక వ్యాపారి గోదాములో బియ్యం బస్తాలున్నాయి. ఆయన ఇవ్వడానికి సిద్ధం. రాతపూర్వక అనుమతి లేకుండా కొంటే ఆడిట్ అభ్యంతరం వస్తుందని నేను మధ్యాహ్నం నుంచి ఆ పని ఆపి ఉంచాను. నిజానికి చట్టం అడ్డుపడలేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 50వ సెక్షన్ కింద, తక్షణ అవసరమని సంబంధిత అధికార సంస్థ భావిస్తే టెండరు లేకుండా కొనడానికి అనుమతించవచ్చు. ట్రెజరీ కోడ్‌లోని 27వ నిబంధన, మేము టి.ఆర్. 27 అంటాం, అత్యవసర పరిస్థితుల్లో మామూలు పద్ధతులు పాటించకుండానే సొమ్ము చెల్లించేలా కలెక్టరు ఉత్తర్వు ఇచ్చే వీలు కల్పిస్తుంది. దారులు ఉన్నాయి. ఫోన్లు లేని ఆ సాయంత్రం, పై అనుమతి వచ్చేలోగా తన పేరు పెట్టి ఆ దారిలో మొదటి అడుగు వేసే మనిషి కావాలి. ఆమె నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, ఎన్ని బస్తాలు, కిలో ఏ ధర, ఎంతమంది కోసం అన్నవి రాసి, వేళ వేసి, సంతకం చేసి, ఆ చీటీ నకలు నాతో మరో పుస్తకంలో రాయించారు. రాత్రి 9 గంటలకు పొయ్యి వెలిగింది. నెల తర్వాత ఆ ఖర్చుకు మంజూరు వచ్చింది; ఆమె రాసిన చీటీయే వోచరు అయింది. హడావుడిలో కూడా లెక్క రాయడం మానలేదు కాబట్టే ఆ సంతకం నిలబడింది.

గత విమర్శకు జడిసి ఖర్చు దగ్గర చేయి ముడుచుకుంటే ఏమవుతుందో మన జిల్లాల చరిత్రలోనే ఉంది. 1873-74లో బీహారు కరువు సమయంలో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. దుబారా చేశాడని తిట్లు తిన్నాడు. 1877లో ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని, అందులో మన కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను పీల్చి పిప్పి చేస్తున్నప్పుడు ఆయననే భారత ప్రభుత్వ ప్రతినిధిగా పంపారు. ఈసారి ఆయన పొదుపరి అనిపించుకోవాలనుకున్నాడు. రాళ్లు కొట్టే మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానికి తోడు ఒక అణా చాలునన్నాడు. అంత తక్కువ తిండితో మనిషి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ లెక్కలు చూపి వాదించాడు. కొన్ని నెలలకు ఆ కూలిరేటు సవరించారు గానీ, అప్పటికే పోయినవారు పోయారు. టెంపుల్‌కు కరువు పనిలో అనుభవం లేదని ఎవరూ అనలేరు. తన మీద పడ్డ పాత నిందే ఆయన చేతిని పట్టుకుంది. 2009 అక్టోబరు 2 మధ్యాహ్నం, అంతకంటే ఎంతో చిన్న స్థాయిలో, ఒక ఆడిట్ అభ్యంతరం తాలూకు ఊహ నా చేతిని అలాగే పట్టుకుంది.

జాబితా

నీళ్లు తీసిన తర్వాత పని మరింత కష్టం. ఆపదలో నాయకత్వం గురించి రాసేవారు చాలామంది పడవల దగ్గర, హెలికాప్టర్ల దగ్గర ఆగిపోతారు. బురద మిగిలిన వారంలో, సాయం ఎవరికి అందాలో పేర్లు రాసేటప్పుడు ఏం జరుగుతుందో చూస్తే అధికారి ఎలాంటివాడో తెలుస్తుంది.

మేము ఇల్లు ఒక యూనిట్‌గా పేర్లు రాశాం. ఒక ఇంట్లో ముందు వాటా యజమానిది, వెనుక ఒక గదిలో బీడీలు చుట్టి బతికే ఒక తల్లీకూతుళ్లు బాడుగకు ఉంటారు. నేను వెళ్లినప్పుడు వెనుక గదికి తాళం ఉంది, యజమాని పేరు రాసుకొని వచ్చాను. నాలుగు రోజుల తర్వాత ఆ తల్లి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. రేషన్ కార్డు వరదలో పోయింది, బంధువుల ఊరికి పోయి వచ్చేసరికి జాబితా అయిపోయింది. ఆధారం ఏముందని నేను అడిగాను. ఆమె నన్ను తన గదికి తీసుకెళ్లింది. సున్నం గోడ మీద, నా తలకు జానెడు పైన, ఎండిన బురద గీత నాలుగు గోడల చుట్టూ తిరిగి ఉంది. ఆమె ముక్కాలిపీట ఎక్కి చూపుడువేలితో ఆ గీతను గీకింది. రాలిన మట్టిని అరచేతిలో పట్టి నా ముందుకు చాపింది. "ఇంతకంటే ఏం కార్డు చూపియ్యల్ల సార్?"

జాబితా తిరగరాయాలంటే ముందు రాసినవాడు తప్పు ఒప్పుకోవాలి. ఆ అధికారిణి నన్ను మందలించలేదు. కార్యాలయంలో కాకుండా ఆ వీధిలోనే, సాయంత్రం మగవాళ్లు పనుల నుంచి వచ్చే వేళకు, జాబితాను పైకి చదవమన్నారు. ప్రతి ఇంటి దగ్గరా ఆగి, ఈ ఇంట్లో పొయ్యిలెన్ని అని అడగమన్నారు. ఒక పొయ్యి ఒక కుటుంబం. ముందు రాసిన జాబితాలో నేను విడిచిపెట్టిన కుటుంబాలు ఆ ఒక్క వీధిలోనే పదకొండు తేలాయి. ఇద్దరు లేని పొయ్యిలు చెప్పుకున్నారు; పక్కింటివాళ్లే నవ్వి వారించారు, మేము ఎవరినీ తిట్టవలసిన పని పడలేదు. విడిచిపెట్టింది నేనే, సరిచేస్తున్నాను అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పడం మొదటి రెండు ఇళ్ల దగ్గర కష్టమైంది. మూడో ఇంటి నుంచి జనం నాకు కుర్చీ వేయడం మొదలుపెట్టారు.

తర్వాత

మరుసటి ఏడు వానాకాలానికి ముందు ఆ తలారిని, మరో ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని నేను పనిచేసిన వీధులన్నీ నడిచాను. 2009 నీటి గీత ఎక్కడెక్కడ నిలిచిందో గుర్తులు పెట్టుకొని, అంకెలను గడపలుగా మార్చి ఒక పట్టిక తయారుచేశాం: ఎగువ నుంచి ఫలానా మట్టం అని కబురు వస్తే నీరు మసీదు మూడో మెట్టుకు వస్తుంది, ఫలానా మట్టానికి వేపచెట్టు అరుగు మునుగుతుంది, ఈ వీధివారు ఈ బడికి, ఆ వీధివారు ఆ బడికి పోవాలి, మంచంపట్టినవారు ఈ ఇళ్లలో ఉన్నారు, వారిని మోసే కుర్రవాళ్లు వీళ్లు. మైకులో చదవవలసిన వాక్యాలు కూడా వీధి పేరుతో, వేళతో, వెళ్లవలసిన చోటుతో సహా కిందే రాసిపెట్టాం.

గోనెసంచి కప్పుకొని కూర్చున్న అవ్వ ఇల్లు ఆ పట్టికలో రెండో వరుసలో ఉంది. ఆ తెల్లవారుజామున ఆమెను పక్కింటి మిద్దె మీదికి చేర్చింది కొడుకులో, ఇరుగుపొరుగో గాని, నేను మాత్రం కాదు. కొలతలు తీస్తున్నప్పుడు ఆమె అదే అరుగు మీద కూర్చుని, టేపు రెండో కొస తానే పట్టుకుంది. ఎన్ని అడుగులని అడిగింది, చెప్పాను. అయితే ఎన్ని గంటల ముందు చెప్తావని అడిగింది. ఆరు గంటల ముందు చెప్తాం, మా అంచనా తప్పినా సరే చెప్తాం అన్నాను. ఆమె తల ఊపి, ఆ మాట కూడా రాసుకోమంది. రాసుకున్నాను. నేను బదిలీ అయినప్పుడు నా తర్వాత వచ్చినవారికి అప్పగించిన ఛార్జి జాబితాలో బీరువా తాళాలు, సీళ్లు, రిజిస్టర్ల తర్వాత ఆ పట్టిక 14వ అంశం.